ఆమె వల్ల పాఠం ఆగుతోందా?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. వాళ్ళ క్లాసులో సరిగ్గా వినిపించని అమ్మాయి ఉంది. ‘ఆమె వల్ల పాఠం నెమ్మదిగా సాగుతోంది, వేరే బడికి పంపొచ్చుగా’ అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, డొరగుడ, ఒడిశా

జవాబు: కోప్పడకండమ్మా, అలాగని ఆ మాటను వదిలేయకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపై వైకల్యం ఉన్న 6–18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. ఎక్కడ చదవాలో తేల్చేది ఆ కుటుంబమే, తోటి పిల్లలు కాదు.

అయితే చట్టం చెబితే పిల్లల మనసు మారదు. ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రానా మారదు. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ సంగతి చెప్పాడు: ఇద్దరూ సమానంగా, ఒకే పని కోసం, పెద్దల అండతో కలిసి పనిచేసినప్పుడే చిన్నచూపు తగ్గుతుంది. కాబట్టి ‘పాపం, సాయం చెయ్యి’ అనకండి. జాలి కూడా దూరం పెంచుతుంది. సైన్సు ప్రాజెక్టులో ఇద్దరికీ చెరో బాధ్యత ఇమ్మని మాస్టారిని అడగండి.

ఇక పాఠం సంగతి. మాస్టారు బోర్డువైపు తిరిగి మాట్లాడకుండా పిల్లలకు ఎదురుగా నిలబడి, ముఖ్యమైన మాటలు బోర్డు మీద రాస్తే ఆ పాప అందుకోగలదు. మీ రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగో కువియో మాట్లాడి, బడిలో ఒడియాలో చదివే పిల్లలకూ అదే మేలు. ఈ విషయం బడి యాజమాన్య కమిటీ సమావేశంలో మీరే లేవనెత్తండి.