నెట్ కనెక్షన్‌కు డబ్బు కట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,


లాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ వేసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. కొత్త గదికి నెట్ పెట్టించుకుందామంటే, కనెక్షన్ ఇచ్చే అబ్బాయి "లైనక్స్‌కి మా సపోర్ట్ లేదండీ" అన్నాడని రాశావు. ఆ మాటకు వెనక్కి తగ్గకు. సపోర్ట్ లేదంటే నెట్ రాదని కాదు. ఇబ్బందొస్తే కస్టమర్ కేర్ వాళ్లు లైనక్స్ విషయంలో సాయం చెయ్యరు, అంతే.

నువ్వు ముందు అడగాల్సింది, లాగిన్ ఎక్కడ చెయ్యాలని. ఫైబర్ కనెక్షన్లలో చాలావరకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రూటర్‌లోనే పెడతారు. ఇక లాప్‌టాప్ ఆ రూటర్ నుంచి ఐపీ అడ్రస్ తీసుకుంటే చాలు. దానికి వాడే డీహెచ్‌సీపీ 1993 నుంచి ఉన్న పద్ధతి. విండోస్‌కైనా లైనక్స్‌కైనా ఒకటే. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వచ్చినా చిక్కులేదు. తమ సొంత ప్రోగ్రామ్ వేస్తేనే నెట్ వస్తుందని, అదీ విండోస్‌కే ఉందని చెబితే మాత్రం ఆ కనెక్షన్ వద్దు.

రెండోది ఐపీ అడ్రస్ సంగతి. ఐపీవీ4 అడ్రస్‌లకు కొరత ఉంది కాబట్టి చాలా కంపెనీలు ఒకే అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. సినిమాలు చూడటానికి అడ్డురాదు. కానీ రేపు నువ్వు కాలేజీ నుంచి గదిలోని మెషీన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లాలంటే నేరుగా కుదరదు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూడు. 100.64 నుంచి 100.127 వరకు అంకెలతో మొదలైతే నీ కనెక్షన్ సీజీనాట్ వెనక ఉన్నట్టే. అప్పుడు ఐపీవీ6 ఇస్తారా, స్టాటిక్ ఐపీకి విడిగా ఎంత తీసుకుంటారు అని అడుగు.

డేటా లిమిట్, అప్‌లోడ్ స్పీడ్ కూడా కనుక్కో. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ ఒక్కటే 5 జీబీ దాటుతుంది. అప్‌డేట్లు దానికి అదనం.

కనెక్షన్ బిగించే రోజు ఆ అబ్బాయి వెళ్లకముందే పరీక్ష చేసుకో. ముందు లాన్ కేబుల్‌తో కలుపు. కేబుల్‌తో నెట్ వచ్చి వైఫై రాకపోతే, నీ వైఫై చిప్‌కు డ్రైవర్ ఉందో లేదో చూడు, కంపెనీని అనకు. టెర్మినల్‌లో 8.8.8.8కు పింగ్ వెళ్తున్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ సెట్టింగ్ చూసుకో.

ఆరు నెలల ప్లాన్ చవకని ఒకేసారి కట్టెయ్యకు. ఒక నెల వాడి చూడు, నీ పనులన్నీ సాగితేనే పొడిగించు.

నీ శ్రేయోభిలాషి,
మామయ్య