మాత్ర అన్నంతోనా, పరగడుపునా?



మందుల కిటికీ దగ్గర మేము తరచు వినే ప్రశ్న ఇది. అడిగేవారి సంగతి ఫరవాలేదు. అడగకుండా, మునుపు నేర్చుకొన్న అలవాటునే ప్రతి మాత్రకూ పాటించేవారిని గూర్చియే మా దిగులు.

మదనపల్లెకు క్షయ కొత్త కాదు. 1915లో ఆరోగ్యవరములో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం తెరిచేనాటికి ఈ జబ్బుకు మందే లేదు. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ గారి కాలములో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము ఇవే ముఖ్యమైన వైద్యము. ఆ తరువాత చాలా ఏళ్ళకు వచ్చిన రిఫాంపిసిన్ పరగడుపున వేసుకొంటే ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి "క్షయ మాత్ర అంటే ఖాళీ కడుపుతోనే" అని ఇళ్ళలో స్థిరపడిపోయింది.

అయితే మొండి క్షయకు మన దేశములో 2016 నుండి ఇస్తున్న బెడాక్విలిన్ దీనికి పూర్తిగా వేరు. ఆహారముతో వేసుకొంటే, పరగడుపున వేసుకొన్నదానికన్నా సుమారు రెండింతలు రక్తములోనికి చేరుతుంది. పరగడుపున మింగినవారు మాత్ర మానకపోయినా సగము మందే తీసుకొన్నట్లు. చాలీచాలని మందుకు క్రిమి చావదు సరికదా, దానిని తట్టుకోవడము నేర్చుకొంటుంది.

ఎందుకు ఇలా? గ్లాసు నీళ్ళలో పసుపు వేసి చూడండి, కాసేపటికి అడుగున పేరుకొంటుంది. వేడి నూనెలో వేస్తే రంగంతా నూనెకు దిగుతుంది. కొన్ని మందులూ అంతే, నీటిలో కరగవు. మనము కొవ్వు ఉన్న భోజనము చేసినప్పుడు పైత్యరసము వచ్చి ఆ కొవ్వును కంటికి కనబడనంత చిన్న బొట్లుగా విడగొడుతుంది. మందు వాటిలో ఎక్కి పేగు గోడను చేరుతుంది. దేవుడు మన కడుపులో పెట్టిన ఈ ఏర్పాటునే శాస్త్రజ్ఞులు ముందుగానే తయారుచేయ చూస్తున్నారు. మందును అతిసూక్ష్మమైన కొవ్వు రేణువులలో ఇముడ్చుతారు. వీటిని లిపిడ్ నానో పార్టికల్స్ అంటారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగము నానోమీటరు. ఈ రేణువులు సాధారణముగా కొన్ని వందల నానోమీటర్లు మాత్రమే.

ఇది ఉత్త ఊహ కాదు. మూత్రపిండము మార్పిడి జరిగినవారు వాడే సైక్లోస్పోరిన్ మొదట్లో ఒక్కొక్కరి ఒంటికి ఒక్కో విధముగా పట్టేది. కడుపులోని నీరు తగలగానే సన్నని నూనె బిందువులుగా విడిపోయే రకము 1990లలో వచ్చాక ఆ తేడా తగ్గింది. క్షయ మందులపైనా ఇటువంటి పరిశోధనలు సాగుతున్నాయి. కాని నేడు మీ చేతికి వచ్చే బెడాక్విలిన్ మామూలు మాత్రే. దానికి మీ భోజనమే సాయము.

అలాగని ప్రతి మాత్రనూ పాలతో మింగవద్దు. పుంగనూరు ఆవుపాలు చిక్కనివే, వెన్నకు పేరుపొందినవే. కాని సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందును పాలలోని కాల్షియము పట్టేసుకొంటుంది, ఒంటికి పట్టనీయదు. మాత్ర చీటీ మీద "ఆహారముతో" అని ఉందో లేదో అడిగి వ్రాయించుకోండి. రిఫాంపిసిన్‌తో వాంతులైతే మీ అంతట మీరు వేళ మార్చక, డాక్టరుగారికి చెప్పండి.

కుప్పం వైపు నుండి తెల్లవారుజామునే బస్సెక్కే బెడాక్విలిన్ రోగులు టిఫిన్ లేకుండా మాత్ర మింగి బయలుదేరవద్దు. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి డబ్బాలో తెచ్చుకోండి. తిన్నాకనే మాత్ర, నీళ్ళతో.