కోతపండుగ దినమున ఖాళీ చేతులు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 26:1-11, 1 సమూయేలు 1:1-18, లూకా 17:11-19.



అమెరికా దేశములో నవంబరు నెల నాలుగవ గురువారమున కుటుంబములు ఒకచోట కూడి కృతజ్ఞతా దినము ఆచరించుదురు. ఆ దేశపు మిషనెరీలే మన ప్రాంతమునకు సువార్త తెచ్చినను, ఆ గురువారము మన పల్లెలలో నాటుకొనలేదు. మనకున్నది కోతపండుగ. చెరువు క్రింద పండిన వడ్లు, మెట్టను పండిన కందులు, సజ్జలు, గుమ్మడికాయ, కోడిపెట్ట, అన్నియు ఆ దినమున గుడికి వచ్చును. ఆరాధన ముగిసిన పిమ్మట వేలము, ఆ మీదట బంధువులతో భోజనము. మంచి ఆచారమే. అయితే వాన తప్పి కంభం చెరువు నిండని యేట ఈ పండుగ కొందరికి బరువగుచున్నది. "గంపెడు గింజలైన లేవు, ఏ ముఖముతో గుడికి వత్తుము?" అని ఇంటనే నిలిచిపోవు కుటుంబములు మన సంఘములలో లేవా?

గంప పట్టుకొని వచ్చినవాడు యాజకుని యెదుట ఏమి చెప్పవలెనో మోషే నేర్పెను. తన పొలము ఎన్ని పుట్లు పండెనో వాడు చెప్పడు. ఇల్లు లేక తిరిగిన పితరుని సంగతి, ఐగుప్తులో పడిన శ్రమ, దేవుడు ఆలకించిన మొర, ఇవి చెప్పును. అనగా వాని కృతజ్ఞత ఈ యేటి పంటతో మొదలు కాలేదు. మరియు 11వ వచనము చూడుడి. పొలము లేని లేవీయుడును పరదేశియు ఆ సంతోషములో పాలుపొందవలెను. గంప తేలేనివారికి అక్కడ చోటున్నది.

మన పితరుల సంగతియు అట్టిదే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మములు ఆపివేసెను. కడుపు కొరకు ఎవరును సంఘములో చేరకూడదని ఆయన తలంపు. కరువు సాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన కంభం చెరువును నింపునది ఆ గుండ్లకమ్మయే. ఇక దొరకునదేమియు లేనప్పుడు వారు వచ్చిరి. లూకా సువార్తలో శుద్ధులైన పదిమందిలో తిరిగి వచ్చిన సమరయుడును అట్లే వచ్చెను. వానికి కావలసినది అప్పటికే దొరికియుండెను.

ఇక ఇంటి భోజనము మాట. ఎల్కానా ఏటేట కుటుంబముతో షిలోహునకు పోయి, బలి అర్పించి, భార్యలకును బిడ్డలకును పాళ్లు పంచిపెట్టువాడు. అన్నియు సక్రమముగానే జరిగెను. కాని పెనిన్నా మాటలు హన్నాకు ముద్ద దిగనీయలేదు. మన పంక్తులలో పెనిన్నాలు లేరా? "ఇంకను ఏమియు లేదా?" అని కోడలిని అడుగు పిన్నమ్మలు, అప్పు ఎంత తీరెనని పదిమంది యెదుట అడుగు బావలు మనకు తెలియనివారు కారు. గట్టు తగాదా వలన ఒకే పల్లెలో వేరు వాకిళ్లలో తిను అన్నదమ్ములున్నారు. బిడ్డలను అవ్వతాతల యొద్ద విడిచి, మిరపకోతలకు గుంటూరు వైపునకో కూలికి హైదరాబాదుకో పోయినవారి ఇండ్లలో కూర్చుండువారే లేరు.

ఎల్కానా మంచి భర్తయే. అయినను, నేనుండగా నీకు కొదువేమి యన్నట్టు పలికిన అతని మాట ఆమె దుఃఖమును ఆర్పలేదని మాకు తోచుచున్నది. ఏలీ మొదట ఆమెను త్రాగినదని తలంచెను. ఆమె మనవి విని సమాధానముతో పంపిన తరువాతనే ఆమె భోజనము చేసెను. అప్పటికి బిడ్డ కలుగలేదు. ముఖము మాత్రము మారెను.

వేలమును గూర్చి ఒక మాట. పోటీపడి గుమ్మడికాయ వెల పెంచుట సరదాయే, సంఘమునకు సొమ్మును వచ్చును. అయితే అప్పు చేసి పాడువానిని పెద్దలు ఆపవలెను. ఎవరి శక్తికొలది వారు ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 16:17 చెప్పుచున్నది.

ఏమియు సిద్ధపరచుకొననివారికి పాళ్లు పంపుడని నెహెమ్యా దినములలో జనులకు ఆజ్ఞ కలిగెను (8:10). ఈ యేడు స్త్రీల సమాజమువారు గుడికి రాని ఇండ్లను ముందుగనే తెలిసికొని, గిన్నెలో అన్నము పంపుటకు మారుగా, వేలమునకు మునుపే పోయి ఆ ఇంటివారిని చేయిపట్టి తీసికొనిరండి. వలసపోయినవారి పేళ్లు కాపరిగారు ప్రార్థనలో చదువవలెను. వారి బిడ్డలను పంక్తిలో మొదట కూర్చుండబెట్టుడి.