పెంచి పంపవలసిన కుక్కపిల్లను గూర్చి

చిరంజీవి మనుమరాలిని ఆశీర్వదించి తాతయ్య వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. జంతు సంరక్షణశాలవారు రెండు నెలల ఆడ కుక్కపిల్లను, పెంచుకొనువారు దొరకువరకు నీ యింట నుంచిరనియు, మీ అమ్మ “పెంచినాక వదలలేవు, ఏడుస్తూ కూర్చుంటావు” అని మందలించినదనియు వ్రాసితివి. మీ అమ్మ మాట నిజమే, ఏడ్చెదవు. అంతమాత్రమున మానుకొనవలసిన పని కాదిది.

ఆ మాటతోడనే నీకు భరతుని కథయు వినిపించియుండును. గంగన తెనిగించిన భాగవత పంచమస్కంధములోనిది. రాజ్యము విడిచి తపమునకు వచ్చిన ఆ మహారాజు, సింహగర్జనకు బెదరి యేరు దాటబోయిన లేడి యీనిన కూన ప్రవాహమున కొట్టుకొనిపోవుచుండగా దానిని దరిజేర్చి, పెంచి, జపతపములు మరచి, తుదకు దానినే తలంచుచు ప్రాణము విడిచి, తానే లేడియై జన్మించెను. మమకారము కూడదనుటకు పెద్దలు దీనిని చెప్పుదురు. నాకు మాత్రము, నీట మునుగు కూనను తీయుటయందు గాని ముద్దుచేయుటయందు గాని దోషము కన్పింపదు. అది గడ్డి మేయ నేర్చిన పిమ్మట మందలో చేర్చు నుపాయమును ఆయన యెన్నడు నాలోచింపక, తాను లేనిదే అది బ్రతుకజాలదని నమ్మెనే, దోషమంతయు నక్కడ నున్నది. నీవు దానిని ప్రేమింపుము. కాని వేరొకరి యింట సుఖముగా మనగలుగునట్లు పెంచుము.

అందుచేత నీ మంచముపై పండుకొనుట దానికి అలవాటు చేయకుము, దానిని పెంచుకొన వచ్చువారు సహింపకపోవచ్చును. ప్రతిదినము కొంతసేపు ఒంటరిగా నుండ నేర్పుము. కుక్కపిల్లకు 3వ వారము మొదలు 14వ వారము వరకు గల కాలము మిక్కిలి విలువైనది. అప్పుడు పరిచితములైన వాని యెడల పెద్దదైన పిమ్మట సాధారణముగా బెదరదు. కుక్కరు కూత, స్కూటరు చప్పుడు, గొడుగు, చేతికఱ్ఱ పట్టిన నావంటి ముసలివారు, పరుగులిడు పిల్లలు, ఇవన్నియు నిప్పుడే చూడవలెను. చిక్కేమనగా, పార్వో వ్యాధికి టీకాలు 16వ వారము వరకు మూడు నాలుగు వారముల కొకటి చొప్పున పడుచుండవలెను. అవి పూర్తి కాకమునుపు ఇతర కుక్కలు తిరుగు నేలపై దింపరాదు. ఆ వ్యాధిక్రిమి మట్టిలో నెలల తరబడి నిలుచును, ఫినాయిలుకు లొంగదు. కావున చంకనెత్తుకొని వీథి చూపింపుము. నలుగురు నవ్విన నవ్వనిమ్ము.

ఆవుపాలు పోసి విరేచనములు తెప్పింపకుము. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు దానికి విషతుల్యములు. మన కూరలలో ఉల్లి లేనిది అరుదు గనుక కూర కలిపిన యన్నము పెట్టనే వలదు. పంటిగాటు పడినచో, చిన్నదే గదా యని యూరకుండక, పదునైదు నిమిషములు సబ్బుతో కడిగి ఆనాడే వైద్యుని చూడుము.

ఇక అసలు కష్టము పెంచుకొనువారిని వెదకుట. నాటుకుక్క యనినను, అందులో ఆడది యనినను జనులు వెనుదీయుదురు. పొట్టి వెండ్రుకల మన కుక్క మన యెండకు తట్టుకొనునట్లు, మంచుదేశముల బొచ్చుకుక్క తట్టుకొనజాలదని ఎవరికి చెప్పినను చెవికెక్కదు. ఆడదానిని వలదనుట పిల్లలను పెట్టునను భయముచేతనే. ఆరునెలల ప్రాయమునకు శస్త్రచికిత్స చేయించినచో ఆ భయము తీరునని విప్పి చెప్పుము. అద్దె యిల్లైనచో యజమాని సమ్మతి కలదా, పగటివేళ ఇంట నెవరుందురు, ఊరికి వెళ్లునపుడు ఎవరికి ఒప్పగింతురు, గొలుసుతో గేటునకు కట్టివేయుదురా, ఇవి మొగమాటము లేక అడుగుము. దాని దుర్గుణములను దాచకుము. చెప్పులు కొరుకునని ముందే తెలిసినవాడు చెప్పులు దాచుకొనును. తెలియనివాడు కుక్కను వెళ్లగొట్టును. ఏనాడైన వలదనిపించినచో వీథిలో విడువక నీకే తిరిగి ఇచ్చునట్లు మాట తీసికొనుము.

తొందరపడి మొదట అడిగినవారి చేతిలో పెట్టవలదు. అయినను, వచ్చిన ప్రతివారియందును లోపము వెదకుట మొదలుపెట్టితివేని, ఆ లోపము వారియందు కాక నీ మమకారమునందే యున్నదని గుర్తింపుము. భరతుడు నీ యింట చేరినట్లే. నేనే ఉంచుకొనెదనందువా? తప్పు లేదు గాని, ఆ మీదట సంరక్షణశాల నుండి రావలసిన మరియొక పిల్లకు నీ యింట చోటుండదు.

ఇచ్చునాడు టీకాల పుస్తకమును, అది పండుకొను గుడ్డను ఉతుకకయే, అలవాటైన ఆహారమును నాలుగైదు దినములకు సరిపడ ఇమ్ము. క్రొత్తవారికి చేరువగువరకు చూడబోకుము. ఫోనులో కుశలము అడిగిన చాలును.

సంక్రాంతికి నీవొక్కతెవే వచ్చితివేని దానికి మంచి యిల్లు దొరకినదని సంతోషింతును. అదియు వెంట వచ్చినచో, మీ అమ్మమ్మ ఉల్లి లేకుండ విడిగా వండెదనని ఇప్పటికే చెప్పినది.

ఇట్లు,
తాతయ్య