తప్పు పలికినా, ఆ మాట వాళ్లు చదివి నేర్చినదే

ఇంగ్లిష్ కథల పుస్తకాలు ఆబగా చదివే పిల్లలున్న ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. పదేళ్ల పాప నలుగురి మధ్య ఓ పెద్ద మాట వాడుతుంది. మాటా సరైనదే, వాడిన చోటూ సరైనదే. కానీ ‘ఎపిటమీ’ అనాల్సింది ‘ఎపిటోమ్’ అంటుంది, ‘కేయాస్’ అనాల్సింది ‘చావోస్’ అంటుంది. పెద్దవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వుతారు. పాప మొహం చిన్నబోతుంది. ఆ మాట మళ్లీ ఆ నోట రాదు. అక్కడితో ఆగితే ఫర్వాలేదు, అసలు కొత్త మాటలు వాడడమే మానేసే పిల్లలూ ఉంటారు.

అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. ఆ తప్పు వినబడితే లోలోపల సంతోషించండి. ఆ మాట పాపకు ఎవరూ నేర్పలేదు. టీచరు నోటా వినలేదు, టీవీలోనూ వినలేదు. పుస్తకంలో చూసి, ముందు వెనక వాక్యాలను బట్టి అర్థం తనే పట్టుకుంది. అదేమీ చిన్న పని కాదు. పుస్తకం ముట్టని పిల్లలకు ఈ తప్పు చేసే అవకాశమే రాదు.

మన పిల్లలకు ఇది మరీ సహజం. తెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటే మాట వచ్చేస్తుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్ మాటనూ పలుకుతారు. అక్కడ అది కుదరకపోవడానికి కారణాలున్నాయి. వాటిని పిల్లలకు కథల్లా చెప్పొచ్చు.

మోకాలిని ‘నీ’ అంటారు కదా, దాని మొదట్లో ఉన్న ‘కె’ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండ్‌లో మొదటి ముద్రణాలయం పెట్టాడు. ముద్రణ వల్ల స్పెల్లింగులు మెల్లగా కుదురుకుంటుంటే, జనం పలికే తీరు మాత్రం మారుతూనే పోయింది. అలా కొన్ని అక్షరాలు కాగితం మీద మిగిలాయి, నోట్లోంచి జారిపోయాయి. అప్పును ‘డెట్’ అంటారు, దాని కథ దీనికి తలకిందులు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. దాని మూలం లాటిన్ అని గుర్తు చేయడానికి పండితులు తర్వాత ఇరికించారు. జనం దాన్ని పలకనే లేదు. ఇక మన పత్రికల్లో ‘కల్నల్’ అని రాసే మాటను ఇంగ్లిష్ వాళ్లు ‘కర్నల్’ అంటారు. ఆ మాట ‘ర’తో ఒక రూపంలో, ‘ల’తో ఇంకో రూపంలో వచ్చింది. చివరకు రాతకు ‘ల’ రూపం, నోటికి ‘ర’ రూపం నిలిచాయి. ఇలాంటి కథ ఒక్కసారి విన్న పిల్లలు ఆ స్పెల్లింగునూ మరిచిపోరు, పలకడాన్నీ మరిచిపోరు.

ఇంగ్లిష్ సొంత భాషగా పెరిగిన పిల్లలకూ ఈ తిప్పలు తప్పలేదు. హ్యారీ పోటర్ కథల్లోని ‘హర్మయనీ’ పేరు ఎలా పలకాలో తెలియక చాలామంది పాఠకులు తికమకపడ్డారు. 2000లో వచ్చిన నాలుగో పుస్తకంలో రచయిత్రి రౌలింగ్ ఆ అమ్మాయి చేతే తన పేరును విడగొట్టి చెప్పించింది.

దిద్దొద్దని కాదు, నలుగురిలో దిద్దొద్దంటున్నాను. పాప ‘చావోస్’ అంటే, ‘అవునమ్మా, బస్టాండులో ఈవేళ అంతా కేయాస్’ అని మీ మాటలో సరైన పలుకు వినిపించండి. చాలామంది పిల్లలు అక్కడికక్కడే అందుకుంటారు. అందుకోకపోతే తర్వాత ఇద్దరే ఉన్నప్పుడు ఫోనులో డిక్షనరీ తెరిచి, స్పీకరు గుర్తు నొక్కి కలిసి వినండి. మీకూ తెలియకపోతే తెలియదనే చెప్పండి, అందులో నామోషీ ఏమీ లేదు. ‘ప్లమర్’ని ‘ప్లంబర్’ అంటూనే మనలో చాలామంది హాయిగా బతుకుతున్నాం. అమెరికాలో ఉన్న పెద్దమ్మ కొడుకు ‘స్కెజువల్’ అంటే, ఇక్కడి టీచరు ‘షెడ్యూల్’ అంటుంది. రెండూ ఒప్పే అని చెప్పి వదిలేయండి.

అమెరికాలో పెరిగే మన పిల్లలు తెలుగు నేర్చుకునేటప్పుడు ‘చాప’లోని ‘చ’ని ‘చెట్టు’లోని ‘చ’లా పలుకుతారు. రాసే అక్షరం ఒకటే, పలికే తీరులే రెండు. అప్పుడు మనం ముద్దుగానే దిద్దుతాం. ఇంగ్లిష్ విషయంలోనూ అంతే ఓర్పు చూపించాలి.

అన్నిటికంటే మేలు చేసేది పైకి చదవడం. పిల్లలకు లోలోపల చదువుకోవడం వచ్చేయగానే మనం పైకి చదవడాన్ని మానిపించేస్తాం. అది పొరపాటు. ఒక పేజీ వాళ్లు చదవాలి, ఒక పేజీ మీరు చదవాలి. మీకు ఇంగ్లిష్‌లో చదివేంత ధైర్యం లేకపోతే ఆడియో పుస్తకం పెట్టి, అచ్చు పుస్తకాన్ని వాళ్ల చేతికివ్వండి, కళ్లతో చూస్తూ చెవులతో వింటారు. తప్పు వచ్చిన ప్రతిసారీ ఆపి కథ పాడుచేయకండి. చదవడం అయ్యాక ఒకటి రెండు మాటలు దిద్దితే సరిపోతుంది. రోజూ పావుగంట చాలు, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి.