ద్వారపాలకుని ఛాయాచిత్రం

నంద్యాల జిల్లా బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానానికి రాజధాని. ఆ నవాబులకు తొమ్మిది ఫిరంగుల వందన గౌరవం ఉండేది. 1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. యాగంటికి పోయే దారిలో నవాబుల బంగళా నేటికీ నిలిచి ఉంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ చలనచిత్రం తరువాత దానిని చూడవచ్చేవారు పెరిగారు. వారు బంగళా ముందు నిలిచి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. కాని ఆ చిత్రాలలో కావలి భటుడు కనిపించడు.

రాజభవనానికి ద్వారం ముఖం వంటిది. దానికి గాంభీర్యం కలిగించేవాడు ద్వారపాలకుడు. మన కావ్యాలు అతనిని దౌవారికుడని, ప్రతీహారి అని పేర్కొన్నాయి. రాజదర్శనం కొందరికే లభించేది. ద్వారం వద్ద నిలిచిన భటుని మాత్రం అందరూ చూసేవారు. సామాన్యునికి రాజ్యం తొలుత కనిపించినది ఆ భటుని రూపంలోనే.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన హైదరాబాదులోని భవనాలను, దర్బారులను, సైనికులను గాజు ఫలకాలపై చిత్రించాడు. వాటిలో రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అయితే అలనాటి ఆస్థాన చిత్రాలలో ప్రభువుల పేర్లు తెలిసినంతగా వారి వెనుక నిలిచిన భటుల పేర్లు తెలియవు. తలపాగా, ఖడ్గం చిత్రానికి శోభను చేకూర్చాయి. వాటిని ధరించిన మనిషి అజ్ఞాతంగా మిగిలాడు.

నిజాం కొలువులో ఆఫ్రికా సంతతికి చెందిన ఆశ్వికదళం ఉండేది. హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో కలిసిన తరువాత ఆ దళం రద్దయింది. వారు నివసించిన పేటకు మాత్రం ‘ఏసీ గార్డ్స్’ అనే పేరు స్థిరపడింది. వారు వాయించిన మర్ఫా వాద్యం హైదరాబాదు పెండ్లి ఊరేగింపులలో నేటికీ వినిపిస్తుంది.

కొరియాలో జోసన్ రాజవంశ పాలన 1910లో అంతమైంది. పాత గ్రంథాల ఆధారంతో, 1996 నుండి సియోల్ నగరంలోని దొక్సు రాజభవనం ముందు భటులు కావలి మారే వేడుకను పునరుద్ధరించారు. రంగురంగుల నిలువుటంగీలు ధరించి, ఆయుధాలు పట్టి, నిశ్చలంగా నిలిచిన ఆ భటుల పక్కన సందర్శకులు ఫొటోలు దిగుతారు. వారు నేటి కాలపు కళాకారులే. ఏ భటుడు ఎక్కడ నిలవాలి, ఏమి ధరించాలి అనే వివరాలను పూర్వులు వ్రాసి ఉంచినందువలననే అది సాధ్యమైంది.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోని సెల్‌ఫోన్‌లోనూ కెమెరా ఉంది. ఒక కోట వద్దనో, దేవాలయం వద్దనో కావలివానిని చిత్రించేముందు అతని అనుమతి కోరడం మర్యాద. పిదప అతని పేరు, ఊరు, చేసే పని అడిగి, తేదీతో సహా చిత్రం కింద వ్రాసి ఉంచాలి. ఆ నాలుగు మాటలు లేకపోతే, నూరేండ్ల తరువాత చూచేవారికి అతడు కూడా ద్వారం పక్కనున్న శిల్పం వలెనే కనిపిస్తాడు.

కఠిన పదాలు
దౌవారికుడు = ద్వారం కాచేవాడు
ఆశ్వికదళం = గుర్రపు రౌతుల సేన

ప్రశ్నలు
1. ఆస్థాన చిత్రాలలోని భటులు అజ్ఞాతంగా మిగలడానికి కారణమేమి?
2. సియోల్‌లో కావలి వేడుకను పునరుద్ధరించడం ఎట్లు సాధ్యమైంది?