దురద ఎప్పుడు మొదలైంది? పొలంలో మొక్కల వల్ల వచ్చే దద్దుర్లు, జాగ్రత్తలు, చికిత్స



మందులు కొట్టని పొలం కదా, ఇందులో ఒంటికి పడనిది ఏముంటుంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మన చుట్టూ ఉన్న మొక్కల్లోనే ఒళ్లు పొక్కించేవి, కళ్లు పాడుచేసేవి కొన్ని ఉన్నాయి. వాటిలో సగం మనం రోజూ కోసేవి, దంచేవి, కషాయం కాచేవే. ఈ పాఠంలో వాటి గురించి చెప్పుకుందాం. చేతులు కడిగే పద్ధతి వీడియోలో చూపించాం, ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పోయిన వేసవిలో మా పక్క తోట మామయ్య ముంజేతులు చూపించాడు. ఎర్రగా కందిపోయి, నీటి పొక్కులు గీత గీసినట్టు వరసగా లేచాయి.

"అల్లుడూ, నీ అగ్నిఅస్త్రం చేతి మీద చిందినట్టుందయ్యా. నిన్న కొట్టా, ఇవాళ ఇలా అయింది."

"మొన్నేం చేశారు మామయ్యా?"

"మొన్నా? కాయ కోయించా. ముచ్చికలు నేనే విరిచా."

అదీ సంగతి. మిర్చి, వెల్లుల్లి వేసిన ద్రావణం చేతి మీద పడితే మంట కొద్దిసేపట్లోనే తెలుస్తుంది. మర్నాడు నీటి పొక్కులు లేచాయంటే రెండు రోజులు వెనక్కి వెళ్లి వెతకాలి. మామయ్య విషయంలో అది మామిడి సొన. అందుకే ఏ దద్దురు చూసినా నేను ముందు అడిగేది ఒక్కటే: దురద ఎప్పుడు మొదలైంది? ముట్టుకున్న వెంటనేనా, ఒకటి రెండు రోజులకా, లేక నెలల తరబడి తగ్గుతూ పెరుగుతూ ఉందా? దీన్నిబట్టే ఏ మొక్క పనో, ఏం చేయాలో తేలుతుంది.

రెండు రోజులకు బయటపడేవి: మామిడి, జీడిమామిడి, నల్లజీడి

ఈ మూడూ ఒకే కుటుంబం. అమెరికా పడమటి తీరంలో పాయిజన్ ఓక్ అనే పొద ఉంది, అదీ ఈ కుటుంబమే. పేరులో ఓక్ ఉన్నా ఓక్ చెట్టుతో దానికి సంబంధం లేదు. ఒక్కో కాడకు మూడేసి ఆకులు ఉంటాయి. ఆకు రాలిన మోడు కొమ్మను ముట్టుకున్నా ఒళ్లు పొక్కుతుంది. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ల పిల్లలు కొండలెక్కి వచ్చి ఒళ్లంతా గోక్కునేది దీనివల్లే. ఆ మొక్కలోని జిడ్డు పదార్థం పేరు యురుషియాల్. మామిడి సొనలో, జీడిగింజ పెంకు నూనెలో, నల్లజీడి రసంలో దానికి దగ్గరి చుట్టాలైన పదార్థాలు ఉంటాయి. అక్కడ పాయిజన్ ఓక్ తగిలి ఒకసారి ఒళ్లు పొక్కినవాళ్లు సెలవులకు ఇంటికొచ్చి మామిడిపండును తొక్కతో చీకితే మూతి చుట్టూ పొక్కులు రావచ్చు. ఇలాంటివాళ్లలో చాలామందికి గుజ్జు పడుతుంది. చిక్కంతా తొక్కతోనూ సొనతోనూ. కాబట్టి వేరేవాళ్లు తొక్క తీసి, ముక్కలు కోసి పెట్టాలి.

ఇది నిప్పు కాలినట్టు కాలడం కాదు, అలర్జీ. సొన చిక్కగా పడితే చర్మం అప్పటికప్పుడే మండి నల్లబడొచ్చు, అది వేరు. అలర్జీలో ఒంటికి ఆ పదార్థం ఒకసారి అలవాటై పగబడుతుంది, మళ్లీ తగిలినప్పుడు పొక్కిస్తుంది. సాధారణంగా పన్నెండు గంటల నుంచి రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది, తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పదేళ్లు ఏమీ కానివాడికి పదకొండో ఏట రావచ్చు. "ముట్టుకోగా ముట్టుకోగా ఒంటికి అలవాటైపోతుంది" అనే మాట ఇక్కడ చెల్లదు, చాలాసార్లు దానికి ఎదురే జరుగుతుంది.

పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లను అడిగితే పెంకు నూనె సంగతి మనకంటే బాగా చెప్తారు. నల్లజీడి ఇంకా ఘాటు. అడవి అంచు పొలాల వాళ్లకు తెలిసిన చెట్టే: నల్లటి గింజ, దాని పైన నారింజ రంగు కండ. దాని రసం బట్టకు అంటితే ఇక పోదు, అందుకే చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టడానికి వాడేవాళ్లు. ఆయుర్వేదంలో భల్లాతకం అంటారు, శుద్ధి చేయకుండా వాడరు. పుస్తకంలో చదివి ఇంట్లో గింజ చితక్కొట్టి మందు చేసే ప్రయోగం మాత్రం వద్దు.

ఈ మూడింటి విషయంలో మన చేతిలో ఉన్నది మొదటి పది నిమిషాలు. జిడ్డు చర్మంలోకి ఇంకకముందే కడిగేస్తే పొక్కు రాకపోవచ్చు, వచ్చినా తక్కువగా వస్తుంది. అరగంట దాటాక కడిగినా కొంత మేలే. సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేసేటప్పుడు చూసుకుందాం అంటే అప్పటికి ఆలస్యం. కోత రోజున చెట్టు కొమ్మకు ఒక సంచి తగిలించండి, అందులో సబ్బు ముక్క, రెండు సీసాల నీళ్లు ఉంచండి.

కడిగే పద్ధతి ఇది. ముందు చల్లని నీళ్లు ధారగా పోయండి. తర్వాత సబ్బు బాగా రాసి, కడిగి, మళ్లీ రాయండి. ఇలా మూడుసార్లు. గిన్నెలు తోమే ద్రవం ఉంటే జిడ్డు ఇంకా బాగా వదులుతుంది. కుంకుడు రసమూ పనికొస్తుంది, కళ్ల దగ్గరకు మాత్రం రానీయకండి. గోళ్ల కింద మర్చిపోవద్దు, అక్కడ మిగిలిన జిడ్డే తర్వాత ముఖానికి, ఇంకా చెప్పుకోలేని చోట్లకు చేరుతుంది. పీచుతో గట్టిగా రుద్దకండి. కొబ్బరినూనె రాస్తే సొన వదులుతుంది, నిజమే. కానీ రాసి వదిలేస్తే జిడ్డు ఇంకా ఎక్కువ మేరకు పాకుతుంది. నూనె రాస్తే వెంటనే గుడ్డతో తుడిచి, సబ్బుతో కడగాలి, ఆ గుడ్డ పారేయాలి.

మామయ్యకు మెడ మీద కూడా ఎందుకు వచ్చిందంటే తువ్వాలు. సొన చేతులు తుడిచిన తువ్వాలుతోనే చెమట తుడుచుకున్నాడు. చిక్కం కర్ర, కత్తి, బండి హ్యాండిల్, సెల్‌ఫోను వేటికైనా ఆ జిడ్డు అంటి ఉంటుంది, ఎండినా చాలా రోజులు పనిచేస్తుంది. వాటినీ సబ్బునీళ్లతో తుడవాలి. ఆ రోజు బట్టలు విడిగా ఉతకాలి. కాయను ముచ్చికతో సహా కోసి, తర్వాత తిరగేసి సొన కారనిస్తే కాయకు మచ్చా పడదు, మన చేతికీ తగలదు. చేతి తొడుగులు కొనేటప్పుడు డాక్టర్లు వేసుకునే పల్చటి రబ్బరువి వద్దు, ఈ జిడ్డు వాటిలోంచి దిగుతుంది. మందపాటి వినైల్ లేదా నైట్రైల్ తొడుగులు తీసుకోండి.

ఇంకొకటి. ఈ చెట్ల కొమ్మలు, పెంకులు తగలబెట్టొద్దు. పొగతో పాటు ఆ జిడ్డు కళ్లకు, గొంతుకు, ఊపిరితిత్తులకు చేరుతుంది.

నెలల తరబడి వదలనిది: వయ్యారిభామ

కాంగ్రెస్ గడ్డి అన్నా, పార్థీనియం అన్నా ఇదే. మన దేశంలో 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో కనిపించింది, ఇప్పుడు ఇది లేని గట్టు లేదు. దీని ఆకుల మీద, కాడ మీద ఉండే సన్నటి నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ముట్టుకోకపోయినా ఎండి పొడైన మొక్క ధూళి గాలిలో వచ్చి ఒంటి మీద వాలితే చాలు.

దీని దద్దురు గుర్తుపట్టడం మామిడి సొనంత తేలిక కాదు. కనురెప్పలు ఉబ్బుతాయి, మెడ, చెవుల వెనక, మోచేతి మడతల్లో చర్మం ముదిరి, నల్లబడి, తోలులా అవుతుంది. చాలామంది ఎండ పడలేదనుకుంటారు, కొందరు తామర అనుకుని మందుల షాపులో ఏదో ట్యూబు కొని రాస్తారు. నేను పట్టుకునే గుర్తు ఒకటుంది. పట్నంలో కూతురింటికి వెళ్లి పది పదిహేను రోజులుంటే తగ్గి, ఊరొచ్చి పొలం గట్టెక్కగానే మళ్లీ మొదలైతే ముందు వయ్యారిభామను అనుమానించండి. చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ పరీక్ష ఉంటుంది, వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత చూస్తారు. దానితో తేలిపోతుంది. ఇది పడనివాళ్లలో కొందరికి చేమంతి కూడా పడదు, రెండూ ఒకే కుటుంబం. చేమంతి సాగుచేసే రైతులు ఇది గుర్తుపెట్టుకోండి.

పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకడం మంచిది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూత చూశాక పీకితే సగం పనే. నిండు చేతుల చొక్కా, తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పూతకు ముందు కోసి కంపోస్టులోనో మల్చింగుకో వాడొచ్చని మనవాళ్లు చెప్తారు. అయితే ఇంట్లో ఒక్కరికి దీని దద్దురు ఉన్నా ఆ పని పెట్టుకోవద్దని నా మాట. ఎండిన ఆకులోనూ ఆ గుణం పోదు.

ఇక్కడ కాస్త నొప్పి కలిగే మాట చెప్పాలి. వయ్యారిభామ పీకేది చాలాచోట్ల మనం కాదు, కూలికి వచ్చే అక్కలు, వట్టి చేతులతో. డబ్బులు పెట్టి డ్రమ్ములు, మోటార్లు కొంటున్నాం, నాలుగు జతల తొడుగులు కొనడానికి వెనకాడుతున్నాం. నేనూ నిన్నమొన్నటిదాకా అంతే. మా దగ్గర పనిచేసే ఒకామెకు రెండేళ్లు కనురెప్పల వాపు ఉంటే ధూళి వల్లనే అనుకున్నాం.

ముట్టుకోగానే మండేవి

దూలగొండి అని కొన్ని ఊళ్లలో ఒకదాన్ని, ఇంకొన్ని ఊళ్లలో ఇంకొకదాన్ని పిలుస్తారు. బంగారు రంగు నూగుతో చిక్కుడులాంటి కాయలు కాసే తీగ ఒకటి, ఆకు తగిలితేనే తేలు కుట్టినట్టు మండే సన్న తీగ దురదగొండి ఇంకొకటి. రెండింటిలోనూ గుచ్చుకునేవి సన్నని నూగు ముళ్లే. కాబట్టి రుద్దకూడదు, గోకకూడదు, అలా చేస్తే ఇంకా లోపలికి దిగుతాయి. ప్యాకింగ్ టేపు అంటించి లాగండి, నాలుగైదుసార్లు కొత్త ముక్కతో. ఆ తర్వాతే కడగాలి. పల్లెల్లో పేడ పూసి, ఎండాక రాల్చే అలవాటు ఉంది. నూగు కొంత దానితో ఊడొస్తుంది, నిజమే. కానీ అప్పటికే గోక్కుని చర్మం చిట్లి ఉంటుంది, చిట్లిన చోట పేడ తగిలితే ధనుర్వాతం భయం. పేడ విలువ మనకు తెలుసు, దాని చోటు నేల.

పాలు కారేవాటితో అసలు భయం కళ్లకు. జెముడు పాలు పడితే భరించలేని మంట, మనిషి పరుగెత్తుకుని ఆసుపత్రికి పోతాడు. జిల్లేడు పాలది మోసం. పెద్దగా నొప్పి ఉండదు, కాసేపటికి చూపు మసకబారుతుంది, "నిద్రపోతే తగ్గుతుందిలే" అనుకుంటారు. దశపర్ణి కషాయానికి జిల్లేడు తుంచేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఉమ్మెత్త రసం అంటిన చేత్తో కన్ను నలిస్తే కనుపాప పెద్దదై చూపు చెదురుతుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కంటి పొర పుండవుతుంది. వీటిలో ఏది పడినా మంచినీళ్లు ధారగా పోస్తూ పదిహేను, ఇరవై నిమిషాలు కడగాలి, నొప్పి లేకపోయినా అదేరోజు కంటి డాక్టరుకు చూపించాలి. చనుబాలు, ఆముదం వంటివి పోయకూడదు. కషాయం దంచే రోజు కళ్లద్దాలు పెట్టుకోవడం ఖర్చు లేని పని.

పొక్కులు వచ్చేశాక

కడిగే సమయం దాటిపోతే ఇక ఓపికే. చల్లని తడిగుడ్డ పదిహేను నిమిషాలు వేయడం, రోజుకు నాలుగైదుసార్లు. కలమైన్ లోషన్ దురదకు సాయపడుతుంది. పొక్కులు చిదమకూడదు. వాటిలోని నీరు తగిలితే వేరేచోటికి పాకుతుందనేది మాత్రం అపోహ. కొత్తచోట్ల వస్తున్నాయంటే అక్కడ జిడ్డు తక్కువగా తగిలి ఆలస్యంగా బయటపడిందన్నమాట, లేదా బట్టలోనో పనిముట్టులోనో ఇంకా ఉందన్నమాట. కలబంద రాసేవాళ్లు పసుపుపచ్చ సొన పూర్తిగా కారనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జే వాడండి. ఆ సొన కూడా కొందరికి దురదే. పసుపు, సున్నం కలిపి పొక్కు మీద పట్టు వేయొద్దు, సున్నం కాలుస్తుంది. గోమూత్రమూ పుండు మీద వద్దు.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే కలగలుపు ట్యూబుల్లో ఘాటైన స్టెరాయిడ్ ఉండొచ్చు. ముఖానికి రాస్తే నాలుగు రోజులు బాగున్నట్టుండి, చర్మం పల్చబడి, మానేయగానే రెట్టింపవుతుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, తీవ్రమైన దద్దురుకు అదే మందు. కానీ ఏది, ఎన్ని రోజులు అనేది డాక్టరు చెప్పాలి. బిళ్లలు ఇస్తే తగ్గిందని మధ్యలో ఆపొద్దు, మళ్లీ ఎగదన్నుతుంది.

ముఖం, కళ్లు, మర్మాంగాలు వాచినా, ఒంట్లో చాలా భాగం పొక్కినా, జ్వరం, చీము కనిపించినా ఆగకుండా వెళ్లండి. ఊపిరి ఆడకపోతే, పొగ పీల్చాక గొంతు బిగిస్తే క్షణం ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు గత మూడు రోజుల్లో ఏ చెట్టు దగ్గర ఏ పని చేశారో కాగితం మీద రాసుకెళ్లండి. అనుమానం ఉన్న మొక్క ఆకు ఒకటి తీసుకెళ్తే ఇంకా మంచిది. వట్టి చేత్తో కోయకండి, ప్లాస్టిక్ కవరును చేతికి తొడిగి, ఆకును పట్టి తుంచి, కవరును అలాగే లోపలిది బయటికి తిరగేసి ముడి వేయండి.